575 వాట్ల గ్రాఫిక్స్ కార్డుకు పాత పవర్ సప్లై సరిపోతుందా? కనెక్టర్ ఎందుకు కరుగుతుంది?

మీ ప్రశ్న సారాంశం ఇది. ఐదేళ్లుగా వాడుతున్న 850 వాట్ల, గోల్డ్ రేటింగ్ ఉన్న పవర్ సప్లై మీ దగ్గర ఉంది. దానికి గ్రాఫిక్స్ కార్డు కోసం మూడు కేబుళ్లే ఉన్నాయి, వాటిలో ఒకదాని చివర రెండు తలలు, అంటే రెండు ప్లగ్గులు, ఉన్నాయి. కొత్తగా కొన్న ఆర్‌టీఎక్స్ 5090 గ్రాఫిక్స్ కార్డుతో పాటు, నాలుగు 8 పిన్నుల కేబుళ్లను ఒకే 16 పిన్నుల ప్లగ్గుగా మార్చే అడాప్టర్ పెట్టెలో వచ్చింది. వీటిని కలిపి నడపవచ్చా అన్నది మీ మొదటి ప్రశ్న. కనెక్టర్లు కరిగిపోతున్నాయన్న వార్తలను ఎంతవరకు పట్టించుకోవాలి అన్నది రెండోది.

మొదటిదానికి నా జవాబు, కలపవద్దు అనే. పవర్ సప్లైల కొత్త ప్రమాణమైన ఏటీఎక్స్ 3.1కు అనుగుణంగా తయారైన, కనీసం 1000 వాట్ల పవర్ సప్లైని, దానితో పాటే వచ్చే 16 పిన్నుల కేబుల్‌తో వాడండి. రెండోదానికి జవాబు ఒక వాక్యంలో తేలేది కాదు. ఎందుకంటే, చాలామంది పవర్ సప్లై వాట్లు సరిపోతే ప్రమాదం తొలగిపోయినట్టే అనుకుంటారు. వాట్లు చాలకపోతే కంప్యూటర్ ఆగిపోతుంది, అంతే. కనెక్టర్ కరగడానికి పవర్ సప్లై వాట్లతో నేరుగా సంబంధం లేదు. ఒక్కొక్క పిన్ను గుండా ఎన్ని ఆంపియర్లు పోతున్నాయి అన్నదానితోనే సంబంధం. ఈ రెండు విషయాలనూ విడివిడిగా చూడాలి.

ముందు వాట్ల లెక్క చూద్దాం, అది తేలిక. ఆర్‌టీఎక్స్ 5090 కార్డుకు తయారీదారు ప్రకటించిన గరిష్ఠ వినియోగం 575 వాట్లు. దానికి తోడుగా ఉండే ప్రాసెసర్లలో పెద్దవి పూర్తి భారంతో పనిచేసేటప్పుడు 230 నుంచి 250 వాట్లు తీసుకుంటాయి. ఉదాహరణకు కోర్ ఐ9-14900కెకు ఇంటెల్ ఇచ్చిన గరిష్ఠ టర్బో పరిమితి 253 వాట్లు. మదర్‌బోర్డు, మెమరీ, డిస్కులు, ఫ్యాన్లు, నీటి పంపు ఉంటే అదీ కలిపి ఇంకో 75 నుంచి 100 వాట్లు వేసుకోండి. మొత్తం 880 నుంచి 925 వాట్ల దాకా అవుతుంది. ఆటలు ఆడేటప్పుడు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఒకేసారి గరిష్ఠానికి చేరడం అరుదు కాబట్టి 850 వాట్లతో చాలాసార్లు నడిచిపోతుంది. అయితే వీడియో రెండరింగ్ వంటి పనుల్లో రెండూ గంటల తరబడి పూర్తి భారంతో ఉండవచ్చు. ఈ కార్డుకు దాని తయారీదారు ఎన్విడియా స్వయంగా 1000 వాట్ల పవర్ సప్లైని సూచించింది, ఆ సూచనలో అతిశయోక్తి ఏమీ లేదు.

సగటు వినియోగం కంటే క్షణిక ఎగువ పోట్లు ఎక్కువ ఇబ్బంది పెడతాయి. గ్రాఫిక్స్ కార్డు 575 వాట్లు తీసుకుంటోంది అంటే అది కొంత వ్యవధిపై తీసిన సగటు మాత్రమే. ఆ వ్యవధిలోనే మైక్రోసెకన్ల పాటు వినియోగం అంతకు చాలా పైకి ఎగసి, వెంటనే పడిపోతుంది. 2020లో ఆర్‌టీఎక్స్ 3080, 3090 కార్డులు వచ్చినప్పుడు, లెక్క ప్రకారం సరిపోవలసిన పవర్ సప్లైలు సైతం ఆట మధ్యలో ఆగిపోవడానికి ప్రధాన కారణం ఇదే: ఆ పోటును రక్షణ సర్క్యూట్ ప్రమాదంగా భావించి అన్నిటినీ ఆపేసేది. ఏటీఎక్స్ 3.1కు ముందుదైన, 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం దీనికి స్పష్టమైన హద్దులు పెట్టింది. కొత్త 16 పిన్నుల కనెక్టర్ ఉన్న పెద్ద పవర్ సప్లై తన రేటింగ్‌కు రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు, 180 శాతం భారాన్ని ఒక మిల్లీసెకను పాటు, 160 శాతం భారాన్ని 10 మిల్లీసెకన్ల పాటు ఆగిపోకుండా తట్టుకోవాలి. మీ పాత యూనిట్ ఈ నియమం రాకముందే తయారైంది. అది మంచిదే కావచ్చు, కానీ ఈ పరీక్షకు నిలబడుతుందన్న హామీ దానికి ఎవరూ ఇవ్వలేదు. పైగా ఐదేళ్ల వేడిలో దాని కెపాసిటర్లు (విద్యుత్తును నిల్వ చేసే భాగాలు) కొత్తలో ఉన్న సామర్థ్యంతో ఉండవు.

గోల్డ్ అన్న ముద్ర గురించి కూడా ఇక్కడే ఒక మాట. 80 ప్లస్ గోల్డ్ అంటే 115 వోల్టుల పరీక్షలో సగం భారం దగ్గర 90 శాతం సామర్థ్యం ఉందని మాత్రమే అర్థం. గోడ సాకెట్ నుంచి తీసుకున్న విద్యుత్తులో ఎంత భాగం వృథాగా వేడిగా మారుతోందో అది చెబుతుంది. రక్షణ సర్క్యూట్లు సరిగా పనిచేస్తాయా, క్షణిక పోట్లను తట్టుకుంటుందా, లోపలి భాగాలు నాణ్యమైనవేనా అన్న ప్రశ్నలకు అందులో జవాబు ఉండదు. ప్లాటినమ్ ముద్ర ఉన్న నాసిరకం యూనిట్ ఉండవచ్చు, గోల్డ్ ముద్రతో అద్భుతమైనదీ ఉండవచ్చు. కొనే ముందు, యూనిట్‌ను విప్పి, ఓసిలోస్కోపు (వోల్టేజి హెచ్చుతగ్గులను గీసి చూపే పరికరం) పెట్టి పరీక్షించిన స్వతంత్ర సమీక్ష ఒక్కటైనా చదవండి.

ఇక అసలు విషయానికి, అంటే కనెక్టర్‌కు వస్తాను.

పాత 8 పిన్నుల కనెక్టర్‌ను ప్రమాణం ప్రకారం 150 వాట్లకే వాడాలి. అందులో 12 వోల్టులు మోసే పిన్నులు మూడు. 150 వాట్లను 12 వోల్టులతో భాగిస్తే 12.5 ఆంపియర్లు, అంటే పిన్నుకు 4 ఆంపియర్లకు కాస్త పైన. ఆ పిన్ను సుమారు 8 ఆంపియర్లు మోయగలదు. అంటే అనుమతించిన భారానికి దాదాపు రెట్టింపు భారాన్ని మోసే ఓపిక ఆ డిజైన్‌లోనే ఉంది. ఒక పిన్ను సరిగా తగలకపోయినా, మిగిలిన రెండూ 6 ఆంపియర్ల చొప్పున మోస్తూ ఏమీ కానట్టే ఉంటాయి. ఇన్నేళ్లుగా ఆ కనెక్టర్‌ను ఎవరెంత అజాగ్రత్తగా పెట్టినా పెద్దగా ప్రమాదాలు జరగకపోవడానికి కారణం అదే తప్ప, మనం జాగ్రత్తపరులం కావడం కాదు.

కొత్త 16 పిన్నుల కనెక్టర్, అంటే 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్, అంతకంటే చిన్నది. దాని పిన్నులూ చిన్నవే. అందులో విద్యుత్తు మోసేవి పన్నెండు: ఆరు 12 వోల్టులవి, ఆరు తిరుగు మార్గపు గ్రౌండ్ పిన్నులు. మిగిలిన నాలుగు చిన్న పిన్నులు సంకేతాల కోసం. దీనిపై 600 వాట్ల వరకు పంపవచ్చు. 600 వాట్లంటే 50 ఆంపియర్లు, ఆరుతో భాగిస్తే పిన్నుకు 8.3 ఆంపియర్లు. పిన్ను రేటింగ్ 9.2 ఆంపియర్లు. అంటే ఓపిక పది శాతమే. మీ కార్డు 575 వాట్ల దగ్గర దాదాపు 48 ఆంపియర్లు తీసుకుంటుంది, పిన్నుకు 8 చొప్పున. ఆరు పిన్నుల్లో రెండు సరిగా తగలలేదనుకోండి, మిగిలిన నాలుగింటి మీద 12 ఆంపియర్ల చొప్పున పడుతుంది. అది అప్పుడే హద్దు దాటినట్టు.

పైన చెప్పిన భాగహారంలో ఒక ఊహ దాగి ఉంది: ఆరు పిన్నులూ భారాన్ని సమానంగా పంచుకుంటాయని. నిజానికి అలా పంచే ఏర్పాటు ఏదీ మీ కార్డులో లేదు. 2022 మార్చిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3090 టీఐ ఇదే రకం కనెక్టర్‌తో వచ్చినా, అందులో పిన్నులను జంటలుగా విడదీసి ఒక్కొక్క జంట గుండా పోయే విద్యుత్ ప్రవాహాన్ని విడిగా కొలిచేవారు. ఆ తరువాతి 4090, 5090 కార్డులలో సాధారణంగా కనెక్టర్ దాటగానే ఆరు పిన్నులనూ ఒకే రాగి పలకకు కలిపేశారు. పవర్ సప్లై వైపు కూడా ఆరు తీగలు ఒకే చోట మొదలవుతాయి. రెండు చివరలా కలిసిపోయిన ఆరు సమాంతర దారుల్లో ఏ దారిలో ఎంత ప్రవాహం పోవాలో నిర్ణయించేది వాటి నిరోధం ఒక్కటే. నిరోధం తక్కువ ఉన్న దారిలోకి ఎక్కువ ప్రవాహం పోతుంది.

ఒక లెక్క వేసి చూపిస్తాను. ఐదు దారుల్లో నిరోధం 30 మిల్లీ ఓముల చొప్పున, ఒక్క దారిలో మాత్రం 10 మిల్లీ ఓములు ఉందనుకుందాం. కార్డు తీసుకునే 48 ఆంపియర్లలో ఆ ఒక్క తీగ మీదనే 18 పోతాయి, మిగిలిన ఐదింటి మీద 6 చొప్పున. గమనించండి, ఇక్కడ అతిగా వేడెక్కేది చెడిపోయిన పిన్ను కాదు, అన్నిటికంటే బాగా తగిలిన పిన్ను. తక్కినవి కొంచెం కొంచెం వదులైతే వాటి భారం దాని మీద పడుతుంది. వేడెక్కిన పిన్నులోని స్ప్రింగు పట్టు సడలుతుంది, పట్టు సడలితే ఆ చోట నిరోధం పెరుగుతుంది, అప్పుడు భారం తరువాతి మంచి పిన్ను మీదికి జరుగుతుంది, దాని గతీ అదే అవుతుంది. అందుకే కరిగిన కనెక్టర్ల ఫొటోల్లో తరచుగా ఒకే మూల కాక, పక్కపక్కన రెండు మూడు పిన్నులు మాడి కనిపిస్తాయి.

వేడి ఎంత పెరుగుతుందో కూడా చూడాలి, ఎందుకంటే అది ప్రవాహానికి అనులోమంగా కాక దాని వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. పిన్ను తగిలే చోట 5 మిల్లీ ఓముల నిరోధం ఉంటే 8 ఆంపియర్ల దగ్గర పుట్టే వేడి ఒక వాట్‌లో మూడో వంతు; దానిని తీగ, చుట్టూ ఉన్న గాలి సులువుగా లాగేసుకుంటాయి. అదే చోట 20 ఆంపియర్లు పోతే 2 వాట్లు. వినడానికి చిన్న సంఖ్యే. కానీ గింజంత లోహపు ముక్కలో, నలువైపులా నైలాన్ ప్లాస్టిక్ మూసి ఉన్నచోట, 2 వాట్ల వేడి తప్పించుకునే దారి లేక పేరుకుపోతుంది. 2025 ఫిబ్రవరిలో, 5090 మార్కెట్లోకి వచ్చిన కొద్ది రోజులకే, కార్డులను నిర్ణీత వేగం దాటించి నడిపే ఒక ప్రసిద్ధ ఓవర్‌క్లాకర్ తన దగ్గరున్న కార్డుపై తీగలను విడివిడిగా కొలిచినప్పుడు, ఒక తీగలో 20 ఆంపియర్లకు పైగా పోతున్నట్టు, పవర్ సప్లై వైపు కనెక్టర్ 150 డిగ్రీల సెల్సియస్ దాటినట్టు కనిపించింది. ప్రతి 5090 ఇలాగే ఉంటుందని దీని అర్థం కాదు. ఎక్కువ శాతం కార్డులు ఏ గొడవా లేకుండా నడుస్తున్నాయి. కానీ అలా జరిగినప్పుడు దానిని పట్టుకుని ఆపే యంత్రాంగం లేదన్నదే ఇందులో గ్రహించవలసింది.

మరి పవర్ సప్లైలో అన్ని రక్షణలు ఉంటాయి కదా అని మీరు అడగవచ్చు. ఉంటాయి. షార్ట్ సర్క్యూట్ అయితే ఆపుతుంది, వోల్టేజి హద్దు దాటితే ఆపుతుంది, మొత్తం వాట్లు మితిమీరితే ఆపుతుంది. కానీ పై ఉదాహరణలో మొత్తం ఎంత? అప్పుడూ 48 ఆంపియర్లే, ఇప్పుడూ 48 ఆంపియర్లే. తీగల మధ్య పంపకం చెడింది తప్ప మొత్తం మారలేదు. పవర్ సప్లై కంటికి గానీ కార్డు కంటికి గానీ అంతా సవ్యంగానే ఉంది. ప్లాస్టిక్ కరుగుతున్నా ఆట ఆగదు. ఖరీదైన పవర్ సప్లై కొన్నంత మాత్రాన ఈ ముప్పు పోదని నేను పదే పదే చెప్పేది అందుకే. కొన్ని 5090 కార్డులలో మాత్రం తయారీ సంస్థలు తమంతట తాము ఒక్కొక్క పిన్ను ప్రవాహాన్ని కొలిచే ఏర్పాటు చేసి, హద్దు దాటితే తెర మీద హెచ్చరిస్తున్నాయి. కార్డు ఇంకా కొనని పాఠకులు ఈ సదుపాయానికి కొంత అదనంగా చెల్లించినా తప్పు లేదని నా అభిప్రాయం. రంగు దీపాలకు చెల్లించే దానికంటే నయం.

నాలుగు సంకేత పిన్నుల పాత్ర గురించి అపోహ ఉంది. వీటిలో రెండు, ఈ కేబుల్ ఎన్ని వాట్లకు తగినదో కార్డుకు చెబుతాయి: 600, 450, 300, లేదా 150. అవి తీగల వేడినీ ప్రవాహాన్నీ కొలవవు. తొలి 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్ డిజైన్‌లో ఈ చిన్న పిన్నులు ముందుకు ఉండడంతో, ప్లగ్గు పూర్తిగా లోపలికి వెళ్లకముందే అవి తగిలేవి. కార్డు 600 వాట్లకు సిద్ధమనుకునేది, పెద్ద పిన్నులు మాత్రం కొసన తగిలి ఉండేవి. 2022 అక్టోబరులో 4090 వచ్చాక బయటపడిన కరిగిన కనెక్టర్లలో చాలా వాటికి ఇలా సగం దూరిన ప్లగ్గే కారణమని పరిశీలనల్లో తేలింది. దాన్ని సరిదిద్దుతూ 2023లో వచ్చిన కొత్త రూపమే 12వీ-2×6 కనెక్టర్. ఇందులో సంకేత పిన్నులు దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు వెనక్కి వెళ్లాయి, విద్యుత్ పిన్నులు 0.25 మిల్లీమీటర్లు పొడవయ్యాయి. సంకేత పిన్నులు తగలకపోతే కార్డుకు అనుమతి సున్నా వాట్లు. ఈ మార్పు జరిగింది సాకెట్‌లో, కేబుల్‌లో కాదు. కాబట్టి పాత 4090 కార్డుకు కొత్త కేబుల్ తొడిగితే దాని సాకెట్ కొత్తది అయిపోదు. మీ 5090లో ఉన్నది కొత్త సాకెట్టే. సగం దూరిన ప్లగ్గు సమస్య దీనితో చాలావరకు తీరింది. పంపకం సమస్య తీరలేదు.

ఇప్పుడు మీ అడాప్టర్ ఆలోచన ఎక్కడ దెబ్బతింటుందో చూడండి. నాలుగు 8 పిన్నుల ప్రవేశాల్లో ఒక్కొక్కదాని మీద 12 ఆంపియర్ల చొప్పున పడుతుంది. విడివిడిగా నాలుగు కేబుళ్లు ఉంటే తీగకు 4 ఆంపియర్లే, హాయిగా ఉంటుంది. మీకు ఉన్నవి మూడు. రెండు తలల కేబుల్ రెండు ప్రవేశాలకు పోతే, దాని మొదట్లో, అంటే పవర్ సప్లైకి గుచ్చే చివర, మూడు తీగల మీద దాదాపు 24 ఆంపియర్లు పోతాయి. తీగకు 8 ఆంపియర్లు, అంటే ఆ పిన్ను రేటింగ్ అంత. కార్డు దగ్గరి ముప్పును పవర్ సప్లై దగ్గరికి మోసుకెళ్లినట్టవుతుంది, అదీ ఎవరూ తొంగి చూడని చోటికి. మూడు ప్రవేశాలే కలిపి నాలుగోది వదిలేస్తే అడాప్టర్ సాధారణంగా 450 వాట్లకే అనుమతి చెబుతుంది, కార్డు దానికి లోబడి నడవాలి, లేదా అసలు మొదలు కాకపోవచ్చు. అడాప్టర్‌తో ఇంకో చిక్కు, విద్యుత్తు దాటవలసిన కనెక్టర్ల సంఖ్య పెరగడం. ప్రతి కనెక్టరూ నిరోధాన్ని పెంచేదే.

అడాప్టర్ కంటే కూడా నేను గట్టిగా వద్దనేవి రెండున్నాయి. మొదటిది, కేబుల్ వంచకుండా ఉండేందుకు అమ్మే 90 డిగ్రీల, 180 డిగ్రీల గట్టి వంకర అడాప్టర్లు. కేబుల్‌మాడ్ సంస్థ అమ్మిన ఈ రకం అడాప్టర్లలో సుమారు 25,300 యూనిట్లను 2024 ఫిబ్రవరిలో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం ప్రకటన ద్వారా వెనక్కి పిలిచారు. రెండోది, ఇంకో పవర్ సప్లై తాలూకు కేబుల్ తెచ్చి ఇందులో పెట్టడం. కార్డు వైపు చివర అంతటా ఒకటే ప్రమాణం; కానీ పవర్ సప్లై వైపు 8 పిన్నుల చివరకు అలాంటి ఉమ్మడి ప్రమాణం లేదు. ఒకే సంస్థ, రెండు వేర్వేరు శ్రేణుల్లో, చూడడానికి ఒకేలా ఉండే సాకెట్లలో 12 వోల్టులను, గ్రౌండ్‌ను తారుమారుగా అమర్చిన సందర్భాలు ఉన్నాయి. ప్లగ్గు చక్కగా దూరుతుంది, స్విచ్చి వేయగానే డిస్కో కార్డో బూడిదవుతుంది. పవర్ సప్లై మార్చినప్పుడు పాత కేబుళ్లన్నిటినీ పాత యూనిట్‌తోనే సంచిలో కట్టి పెట్టండి, ఒక్కటి కూడా కంప్యూటర్ కేబినెట్లో మిగల్చవద్దు. ప్రాసెసర్‌కు పోయే 8 పిన్నుల కేబుల్ కూడా దీనికి భిన్నమైనదే. దానిని కార్డుకు బలవంతంగా దూర్చే ప్రయత్నం చేయవద్దు.

కొత్త యూనిట్ వచ్చాక అమర్చే పద్ధతి. గోడ సాకెట్ నుంచి ప్లగ్గు తీసి, కార్డును కేబినెట్లో బిగించకముందే, చేతిలో ఉండగానే ఒకసారి కేబుల్ గుచ్చి, పూర్తిగా దూరినప్పుడు ప్లగ్గు అంచు, సాకెట్ అంచు మధ్య సందు ఎలా ఉంటుందో కళ్లతో చూసి గుర్తు పెట్టుకోండి. ఆ తరువాత కేబినెట్లో గుచ్చినప్పుడు అదే సందు కనిపించాలి. క్లిక్ శబ్దాన్ని నమ్ముకోవద్దు, కొన్నింటిలో అది వినపడనంత చిన్నది. ప్లగ్గును నేరుగా, రెండు పక్కలా సమానంగా నొక్కాలి. ఒక పక్కే నొక్కితే రెండో పక్క కొద్దిగా లేచి ఉంటుంది, అసమాన పంపకానికి అంతే చాలు. కొన్ని సంస్థలు ప్లగ్గు లోపలి భాగానికి పసుపు వంటి కొట్టొచ్చే రంగు వేస్తున్నాయి. ఆ రంగు కనిపిస్తున్నంతసేపూ పూర్తిగా దూరనట్టే. గుచ్చాక మెల్లగా లాగి చూడండి, కదలకూడదు. టార్చి వేసి నాలుగు వైపులా చూడండి. పవర్ సప్లై వైపు చివరకూ ఇదంతా వర్తిస్తుంది. రెండు చివరలా కరిగిన కేబుళ్లు బయటపడ్డాయి.

ప్లగ్గు నుంచి బయటికి వచ్చిన తరువాత కేబుల్ కనీసం 35 మిల్లీమీటర్లు నిటారుగా పోయి, ఆపైనే వంగాలి. దగ్గరగా వంచితే ఒక వరుస తీగలు బిగుసుకుని, ఆ వరుస పిన్నులు సాకెట్లో పక్కకు వాలతాయి. చాలా కేబినెట్లలో అసలు అడ్డంకి పక్క అద్దమే. అద్దం మూసేటప్పుడు కేబుల్‌ను తోస్తోందంటే ఆ కేబినెట్ ఈ కార్డుకు చాలదు. కార్డు బరువుకు ముందు భాగం కిందికి వాలకుండా ఒక ఆధారపు కడ్డీ పెట్టండి.

ఈ కనెక్టర్‌ను సుమారు 30 సార్లు తీసి పెట్టడానికే రేటింగ్ ఇచ్చారు. భయంతో ప్రతి వారం ఊడదీసి చూసేవారు, చూడడం వల్లనే దాన్ని పాడు చేసుకుంటారు. కాంటాక్ట్ గ్రీజు, స్ప్రేలు వంటివేవీ అందులో వేయవద్దు.

ఖర్చు లేకుండా ముప్పును అన్నిటికంటే ఎక్కువగా తగ్గించే పని ఒకటుంది: కార్డు వాట్ల పరిమితిని తగ్గించడం. ఆఫ్టర్‌బర్నర్ వంటి ప్రోగ్రాంలో పవర్ లిమిట్‌ను 80 శాతానికి దించితే 575 వాట్లు 460 అవుతాయి, పిన్నుకు సగటున 8 ఆంపియర్ల స్థానంలో 6.4 పోతాయి. వేడి ప్రవాహపు వర్గంతో మారుతుంది కాబట్టి, కనెక్టర్‌లో పుట్టే వేడి 64 శాతానికి పడిపోతుంది. దీనికి బదులుగా వేగంలో పోయేది చాలా ఆటల్లో పది శాతం లోపే. గరిష్ఠ స్థాయి దగ్గర చివరి వంద వాట్లు కార్డుకు తెచ్చిపెట్టే వేగం అంత స్వల్పం. లినక్స్‌లో అయితే ఎన్విడియా డ్రైవరుతో వచ్చే ఎన్విడియా-ఎస్‌ఎంఐ ఆదేశంతోనే ఈ పరిమితి పెట్టవచ్చు. కంప్యూటర్ మళ్లీ మొదలైనప్పుడు ఆ పరిమితి నిలిచి ఉందో లేదో చూసుకోండి, చాలాసార్లు చెరిగిపోతుంది. రాత్రంతా రెండరింగ్ వదిలేసి నిద్రపోయే అలవాటు మీకుంటే, ఈ ఒక్క పని తప్పక చేయండి.

తరువాత పరీక్ష. కార్డును పూర్తి భారంతో ఇరవై, ముప్పై నిమిషాలు నడిపి, తీగ చుట్టూ పట్టించి ప్రవాహాన్ని కొలిచే క్లాంప్ మీటరుతో ఆరు 12 వోల్టుల తీగలనూ ఒక్కొక్కటిగా కొలవండి. మామూలు క్లాంప్ మీటర్లు ఏసీ ప్రవాహాన్ని మాత్రమే చూపిస్తాయి. మీకు కావలసింది డీసీ కూడా కొలిచేది, కొనే ముందు ఈ ఒక్క విషయం ఖచ్చితంగా చూసుకోండి. పూర్తి భారంలో అన్ని తీగలూ 7 నుంచి 9 మధ్య చూపిస్తే నిశ్చింతగా ఉండవచ్చు. ఒకటి 10 దాటి, మరొకటి 5 దగ్గర ఉంటే కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి మళ్లీ జాగ్రత్తగా గుచ్చి కొలవండి. అప్పటికీ మారకపోతే కేబుల్‌ను వారంటీ కింద మార్పించండి. మీటరు లేనివారు హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ప్రోగ్రాంలో కార్డు 16 పిన్నుల కనెక్టర్ దగ్గర చూపే వోల్టేజిని, ఒకే ఆట, ఒకే సెట్టింగులతో నెలకోసారి రాసి పెట్టుకోవచ్చు. ఆ సంఖ్య ఎంత అన్నదానికంటే, అదే భారం దగ్గర అది నెలనెలా దిగుతోందా అన్నదే ముఖ్యం. దిగుతుంటే దారిలో ఎక్కడో నిరోధం పెరుగుతోందని అర్థం. అయితే ఇది ఆరు తీగల ఉమ్మడి వోల్టేజి కాబట్టి, ఒక్క తీగలో జరిగేది ఇందులో స్పష్టంగా కనిపించదు.

గోడ వైపు సంగతి క్లుప్తంగా చెబుతాను. పవర్ సప్లై 1000 వాట్లు ఇస్తున్నప్పుడు 90 శాతం సామర్థ్యంతో గోడ నుంచి 1110 వాట్లు తీసుకుంటుంది. 230 వోల్టుల దగ్గర అది 5 ఆంపియర్ల లోపు, 115 వోల్టుల దగ్గర 10కి కాస్త తక్కువ. వీలైతే నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టండి. సన్నని తీగల ఎక్స్‌టెన్షన్ బోర్డు, దాని మీదే హీటరు, ఇస్త్రీ పెట్టె ఉండకూడదు. ఎర్తింగ్ తప్పనిసరి: పవర్ సప్లై లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల, ఎర్త్ లేని సాకెట్‌లో కేబినెట్ లోహం మీద సరఫరా వోల్టేజిలో దాదాపు సగం కనిపిస్తుంది. ముట్టుకుంటే చిమచిమలాడేది అదే. యూపీఎస్ కొంటే దాని మీద పెద్ద అక్షరాల్లో ఉండే వీఏ (వోల్ట్-ఆంపియర్) సంఖ్యను కాక వాట్ల సంఖ్యను చూడండి, శుద్ధమైన సైన్ తరంగం ఇచ్చేదాన్ని ఎంచుకోండి. మెట్లుమెట్లుగా తరంగం ఇచ్చే చవక రకాలతో నేటి పవర్ సప్లైలు మారే క్షణంలో ఆగిపోయే అవకాశం ఉంది. పవర్ సప్లై పెట్టెను మాత్రం ఏ కారణానికీ విప్పవద్దు, ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన వోల్టేజి నిలిచి ఉండవచ్చు.

కొత్త వైరు వేడెక్కిన వాసన గానీ, కాలిన ప్లాస్టిక్ వాసన గానీ వస్తే, భారం పడగానే తెర నల్లబడి ఫ్యాన్లు గట్టిగా తిరిగితే, వెంటనే పవర్ సప్లై వెనుక స్విచ్చి ఆపి, గోడ ప్లగ్గు తీసి, అరగంట చల్లారనివ్వండి. కనెక్టర్ అతుక్కుపోయి రాకపోతే కత్తులు, స్క్రూ డ్రైవర్లతో పెకలించవద్దు. మాడిన పిన్నులను గీకి శుభ్రం చేసి మళ్లీ వాడవద్దు. పైపూత పోయిన పిన్ను నిరోధం ఇంకా ఎక్కువ. ఉన్నది ఉన్నట్టు నాలుగు వైపులా ఫొటోలు తీసి, కార్డు, కేబుల్, పవర్ సప్లై మూడింటినీ కలిపి వారంటీకి చూపించండి. కేబుల్ మూడో సంస్థదైతే కార్డు తయారీదారు, పవర్ సప్లై తయారీదారు ఇద్దరూ తప్పు దాని మీదకే నెట్టే అవకాశం ఉంటుంది. పవర్ సప్లైతో వచ్చిన కేబులే వాడమని మొదట చెప్పడానికి విద్యుత్ కారణాలతో పాటు ఈ కారణం కూడా ఉంది.

మీ పాత 850 వాట్ల యూనిట్‌ను పారేయనక్కరలేదు. రెండు 8 పిన్నుల కనెక్టర్లతో నడిచే 300 వాట్ల లోపు కార్డు ఉన్న ఇంకో కంప్యూటర్‌కు, రెండు విడి కేబుళ్లతో, అది ఇప్పటికీ సరిపోతుంది.